స్పానిష్‌లో బూతులు, డబుల్ మీనింగులు: మాట్లాడటానికి కాదు, దొరికిపోకుండా ఉండటానికి

ఈ రోజు టాపిక్ కొంచెం తేడా. పక్కన పెద్దవాళ్లు ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

మీరు స్పెయిన్ వాళ్ల వీడియోలు చూసి స్పానిష్ నేర్చుకున్నారు అనుకుందాం. బస్సు పట్టుకోవాలి అనడానికి అక్కడ "కొహేర్" అనే మాట వాడతారు. తీసుకోవడం, పట్టుకోవడం అని అర్థం. చిన్నపిల్లలు కూడా అంటారు. మీరు అదే మాట అమెరికాలో మీతో పనిచేసే మెక్సికో అతనితో అన్నారు. అంతే, రూమ్ అంతా నవ్వులు. ఎందుకంటే మెక్సికోలో, అర్జెంటీనాలో ఆ మాటకి శృంగారం అనే అర్థం ఉంది, అదీ పచ్చిగా. మీరు బస్సుతో ఏం చేస్తానన్నారో ఇక చెప్పక్కర్లేదు. దానికి బదులు "తొమార్" అనండి, ఎక్కడైనా ఇబ్బంది ఉండదు.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. బూతు మాటలో ఉండదు, ఆ మాట ఏ దేశంలో పలికారు, ఎవరితో పలికారు అన్నదాంట్లో ఉంటుంది. "కోంచా" చూడండి. అసలు అర్థం గవ్వ, ఆల్చిప్ప లాంటిది. మెక్సికోలో బేకరీకి వెళ్లి అడిగితే తియ్యటి బన్ను ఇస్తారు. స్పెయిన్‌లో అది ఆడవాళ్ల పేరు. అర్జెంటీనాలో మాత్రం ఆడవాళ్ల రహస్యాంగానికి బూతు పేరు. మాట ఒకటే, కథలు మూడు.

మనకి తెలిసిన పజేరో కారు కూడా ఇందులో ఇరుక్కుంది. స్పానిష్‌లో ఆ మాటకి హస్తప్రయోగం చేసుకునేవాడు అనే బూతు అర్థం ఉంది. అందుకే స్పెయిన్‌లో, లాటిన్ అమెరికాలో స్పానిష్ మాట్లాడే దేశాల్లో అదే బండిని మొంతెరో అనే పేరుతో అమ్మారు.

ఇక మెక్సికో వాళ్లకి డబుల్ మీనింగ్ అంటే ఒక ఆటే. పేరు "అల్బూర్". ఒకరు మామూలుగా వినిపించే మాట వదులుతారు, అవతలి వాళ్లు దాన్ని మెలిపెట్టి తిప్పికొట్టాలి. జవాబు తట్టనివాడు ఓడినట్టు. "చిలే" అంటే మిరపకాయ, కానీ ఈ ఆటలో మగవాళ్ల అంగం. మెక్సికో సిటీలో తెపీతో అనే పేటకి చెందిన లూర్దెస్ రూయిజ్‌ని అల్బూర్ రాణి అనేవారు. ఆవిడ దీని మీద క్లాసులు కూడా చెప్పారు. 2019లో చనిపోయారు.

కొట్లో గుడ్లు అడిగేటప్పుడు కూడా జాగ్రత్త. "మీకు గుడ్లు ఉన్నాయా" అని అడిగితే కొట్టువాడికి వేరేలా వినిపించొచ్చు. "ఆయ్ వేవోస్", అంటే "గుడ్లు ఉన్నాయా" అంటే చాలు. "మీకు" తీసేశారు, గొడవ తీరిపోయింది.

ఫోన్‌లో టైప్ చేసేవాళ్లకి ఇంకోటి. వయసు చెప్పేటప్పుడు "అన్యోస్" అని రాయాలి, అంటే సంవత్సరాలు. అందులో ఎన్ మీద చిన్న అలలాంటి గీత ఉంటుంది. అది మర్చిపోతే "నాకు 20 మలద్వారాలు ఉన్నాయి" అని మెసేజ్ వెళ్తుంది. స్పానిష్ కీబోర్డు పెట్టుకోండి, లేదా ఎన్ అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకోండి, గీత ఉన్నది వస్తుంది.

చివరగా ఒక మాట. పనిచేసే చోట కొత్తవాళ్లకి సరదాగా బూతు నేర్పించి, వెళ్లి మేనేజర్‌తో అనమని పంపేవాళ్లు ఉంటారు. మనవాళ్లూ చేస్తారు కదా! కాబట్టి కొత్త మాట వినగానే వాడకండి. "ఎస్ ఉనా గ్రొసెరీయా?" అని అడగండి, అంటే "ఇది బూతా?" అని. మొహం చూస్తే జవాబు తెలిసిపోతుంది. స్పానిష్ అకాడమీ వాళ్ల ఆన్‌లైన్ డిక్షనరీలో ఏ అర్థం ఏ దేశానిదో కూడా రాసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

బూతులు అర్థం కావాలి, అప్పుడే మనల్ని ఏమన్నారో తెలుస్తుంది. అనడం మాత్రం ఆ భాషలో పుట్టినవాళ్లకే వదిలేద్దాం. అదే మాట వాళ్ల నోట్లో జోక్ అవుతుంది, మన నోట్లో గొడవ అవుతుంది.