కళింగపట్నం రేవు ఎందుకు మూతపడింది?

కళింగపట్నం అంటే మనకి బీచ్, సెల్ఫీలు, వెనకాల లైట్‌హౌస్. అసలు అక్కడ లైట్‌హౌస్ ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకప్పుడు అది ఓడల రేవు.

వంశధార సముద్రంలో కలిసేది ఇక్కడే. నది వెంట కాస్త పైకి వెళ్తే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు కనిపిస్తాయి. బ్రిటిష్ వాళ్ల కాలంలో కూడా ఇక్కడికి ఓడలు వచ్చేవి, కానీ ఒడ్డు దాకా రాలేకపోయేవి. దూరంగా లంగరు వేస్తే, సరుకుని పడవల్లోకి దించి అలలు దాటించి తెచ్చేవారు. అంటే ప్రతి బస్తానీ రెండుసార్లు ఎత్తి దించాలి. తుఫానొస్తే ఆ పనీ ఆగిపోయేది.

1890ల్లో మద్రాసు-కలకత్తా రైలు మార్గం వేశారు. అది ఆమదాలవలస మీదుగా పోయింది, రేవు దాకా రాలేదు. 1933లో విశాఖ హార్బర్ తెరిచారు. అక్కడ ఓడ నేరుగా జెట్టీకి ఆనుకుంటుంది, పక్కనే రైలు. ఇంక సరుకు ఎటు పోతుంది? చివరికి కళింగపట్నం రేవు మూసేశారు.

2023లో శ్రీకాకుళం జిల్లాలోనే మూలపేట దగ్గర కొత్త పోర్టుకి శంకుస్థాపన జరిగింది. పని కోసం ఊళ్లు వదిలి వలసపోయే మనవాళ్లకి ఇది పెద్ద విషయం. అందుకే ఎంత పెద్ద ఓడలొస్తాయని అడిగేటప్పుడు, రైలు ఎక్కడిదాకా వస్తుందని కూడా అడుగుదాం.