అచ్చు పుస్తకమా, ఈ-పుస్తకమా?

పుస్తకమను పేరు పాతదేగాని దాని రూపము కాలమునుబట్టి మాఱుచు వచ్చినది. మన పూర్వులు తాటియాకులపై గంటముతో వ్రాసి, ఆకులకు రంధ్రములు చేసి, త్రాటితో గూర్చి, పైని క్రిందను చెక్కపలకలుంచి కట్టిన గ్రంథములను చదివిరి. 1746వ సంవత్సర ప్రాంతమున జర్మనీ దేశమందలి హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుని ప్రయత్నమువలన తెలుగు పుస్తకములు మొదటిసారిగ అచ్చుపడినవి. 19వ శతాబ్దమున ముద్రాలయములు మన దేశమున వ్యాపించిన పిదప తాటియాకు వెనుకబడి కాగితము ముందునకు వచ్చినది. ఇప్పుడు కాగితము ప్రక్కన మఱియొక రూపము నిలిచినది. అదియే ఈ-పుస్తకము.

ఈ రెంటిలో చదువరి దేనిని కోరవలయును? పెద్దలలో పెక్కండ్రు అచ్చు పుస్తకమే పుస్తకమందురు. యువకులలో పెక్కండ్రు ఇంత బరువు మోయనేల యందురు. ఇవి రెండును అలవాటు చెప్పించు మాటలు. ఏ రూపము మనకేమి యిచ్చుచున్నది, ఏమి తీసికొనుచున్నది యని తూచి చూచినగాని సరియైన ఉత్తరము దొరకదు.

ముందుగ ఈ-పుస్తకమనగా నేమో తెలిసికొందము. అక్షరములను అంకెల గుర్తులుగ మార్చి, యంత్రమున భద్రపఱచి, కోరినపుడు తెరపై చూపునట్టిది ఈ-పుస్తకము. 1971లో అమెరికాయందలి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మైకేల్ హార్ట్ అను విద్యార్థి ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులో టైపు చేసి యితరులకు అందుబాటులో నుంచెను. ఆ చిన్న పనినుండియే ప్రాజెక్టు గూటెన్‌బర్గ్ అను ఉచిత గ్రంథ భాండారము పెరిగినది. 2007 నవంబరులో అమెజాన్ సంస్థ కిండిల్ అను పఠన యంత్రమును అమ్మకమునకు దెచ్చిన తరువాత ఈ-పుస్తకము సామాన్య చదువరుల చేతికి వచ్చినది.

ఇట్టి పఠన యంత్రమునకును సెల్‌ఫోనునకును భేదము గలదు. ఫోను తెర తనంతట తాను వెలుగును చిమ్మును. పఠన యంత్రపు తెరలో నుండునది ఎలక్ట్రానిక్ సిరా. అందు కంటికానరానంత చిన్న బుడగలు లెక్కకు మిక్కిలిగ నుండును. ఒక్కొక్క బుడగలో తెల్లని రేణువులును నల్లని రేణువులును ఒక ద్రవమునందు తేలుచుండును. తెల్లనివానికి ఒక విధమైన విద్యుదావేశమును, నల్లనివానికి దానికి విరుద్ధమైన ఆవేశమును గలవు. విద్యుత్తును మార్చినకొలది ఏదో యొక రంగు పైకి వచ్చును. ఆ రీతిగ పుటపై అక్షరము ఏర్పడును. ఒకసారి ఏర్పడిన అక్షరము విద్యుత్తు లేకున్నను చెదరదు. కావుననే అట్టి యంత్రము ఒకసారి విద్యుత్తు నింపిన అనేక దినములు పనిచేయును. ఎండలో సయితము కాగితమువలె చదువుటకు వీలగును.

ఈ-పుస్తకమువలన గలుగు మేళ్లు సామాన్యములు గావు. అరచేతి ప్రమాణము గల యంత్రమున ఒక గ్రంథాలయమంత సాహిత్యము ఇముడును. తెలియని పదమును తాకినయెడల, ఆ భాషకు నిఘంటువు అందుండెనేని, అర్థము వెంటనే కనబడును. వేయి పుటలలో ఒక పేరెచ్చట వచ్చినదో క్షణములో వెదకవచ్చును. చూపు మందగించినవారు అక్షరమును తమకు వలసినంత పెద్దదిగ చేసికొనవచ్చును. బొత్తిగ చూపు లేనివారికి యంత్రమే చదివి వినిపించును. అంధులకు గ్రంథములు లభించుటకై 2013లో మొరాకో దేశపు మరకేష్ నగరమున ఒక అంతర్జాతీయ సంధి కుదిరినది. దానిని 2014లో అన్ని దేశములకంటె ముందుగ స్థిరపఱచినది మన భారతదేశమే. అచ్చు మేలా, ఈ-పుస్తకము మేలా యని మనము తీరికగ చర్చింపవచ్చును. కాని అంధ విద్యార్థికి రెండవది విద్యయొక్క వాకిలి. ఈ సంగతి నెఱిగినవారెవ్వరును ఈ-పుస్తకమును తేలికగ చూడరు.

తెలుగువారికి దానివలన గలిగిన మఱియొక మేలు అరుదైన పుస్తకముల ఉద్ధరణము. చిత్తూరు జిల్లాలో పుట్టి, అమెరికాయందు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన రాజ్ రెడ్డిగారు ప్రముఖులలో నొకరుగ నడపిన పదిలక్షల పుస్తకముల యోజనలో, పాత గ్రంథములను పుట వెంబడి పుటగ ఛాయాచిత్రములు తీసి కంప్యూటరులలో నిలిపిరి. భారత దేశమున ఆ పని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర సాగినది. ఎన్నడో ముద్రణ నిలిచిపోయి, ఏ మూల గ్రంథాలయముననో యొక ప్రతిగ మిగిలిన తెలుగు పుస్తకములు వేలకొలది ఈ విధమున చదువరుల యిండ్లకు వచ్చినవి. ఆ గ్రంథముల నుంచిన మొదటి స్థానము పిమ్మట మూతపడినను, వానిలో అనేకములు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థ భాండారమున నేడు ఉచితముగ లభించుచున్నవి.

అయినను ఇచట నొక భేదమును గుర్తింపవలయును. ఛాయాచిత్రముగ తీసిన పుట బొమ్మయేగాని అక్షరమాల కాదు. దానిలో పదమును వెదకుట కుదరదు. అక్షరము పెంచినయెడల పంక్తి తెర దాటిపోవును. యంత్రము దానిని అంధునకు చదివి వినిపింపజాలదు. అక్షరములుగ మఱల ఎక్కించిననే పైన చెప్పిన మేళ్లన్నియు సమకూరును. తెలుగు లిపికి యూనికోడ్ అను ప్రపంచ సంకేత పట్టికలో 1991లోనే స్థానము లభించినది. కాని చోటు దొరకినంతమాత్రమున పుస్తకములు రావు. 2016 డిసెంబరులో కిండిల్ అంగడియందు అయిదు భారతీయ భాషల పుస్తకములను ప్రవేశపెట్టినపుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళములు చేరినవి, తెలుగు చేరలేదు. వర్తకుడు చూచునది లాభమును. మన పుస్తకములు ఏ రూపమున నిలువవలయునను చింత మనకే యుండవలయును.

ఇక అచ్చు పుస్తకముయొక్క మేలు విచారింతము. విద్యార్థికి ముఖ్యమైన ప్రశ్న యిది: చదివినది దేనివలన బాగుగ మనస్సున నిలుచును? ఈ విషయమున 2000 మొదలు 2017 వఱకు జరిగిన 54 పరిశోధనలను పోగుచేసి, పాబ్లో డెల్గాడో మొదలగు పండితులు 2018లో ఒక వ్యాసమును ప్రకటించిరి. ఆ పరిశోధనలలో పాల్గొన్న చదువరులు 1,70,000కు పైబడియున్నారు. కాగితముపై చదివినవారు తెరపై చదివినవారికంటె విషయమును కొంత మేలుగ గ్రహించిరని తేలినది. కాలము నిర్ణయించి చదువుమన్నపుడును, విషయమును బోధించు పాఠములను చదివినపుడును ఆ భేదము స్పష్టముగ కనబడినది. కేవలము కథలను చదివినపుడు భేదము కానరాలేదు. అలవాటైనకొలది తెరపై చదువుట బాగుపడునని కొందఱు తలతురు. కాని సంవత్సరములు గడచినకొలది కాగితపు ఆధిక్యము పెరిగెనేగాని తరుగలేదని ఆ వ్యాసము చెప్పుచున్నది.

నార్వే దేశపు పండితురాలు ఆన్ మాంగెన్ మొదలగువారు 2019లో ప్రకటించిన పరిశోధన మఱియు ఆసక్తికరమైనది. 50 మంది చదువరులలో కొందఱికి ఒక దీర్ఘకథను కాగితముపైనను, తక్కినవారికి అదే కథను కిండిల్‌లోను ఇచ్చిరి. పెక్కు ప్రశ్నలకు ఇరువాగులవారును సమానముగనే ఉత్తరములిచ్చిరి. కాని ఏ సంఘటన ముందు, ఏది వెనుక అని అడిగినపుడు కాగితముపై చదివినవారే మేలనిపించుకొనిరి.

ఇందునకు కారణమూహించుట కష్టముకాదు. అచ్చు పుస్తకమును చదువునపుడు చదివిన భాగము ఎడమచేతిలో పెరుగుచుండును. చదువవలసినది కుడిచేతిలో తరుగుచుండును. ఫలాని సంగతి కుడిప్రక్క పుటలో క్రిందిభాగమున, ఒక పటముయొక్క దాపున నున్నదని కన్ను గుర్తుంచుకొనును. పరీక్షయందు ఉత్తరము తోచక తడబడినపుడు ముందుగ మనస్సునకు వచ్చునది ఆ పుటయే. తెరపై ఒక పుట పోయి దాని స్థానముననే వేఱొక పుట వచ్చును. ప్రతి మాటకును నిలుకడయైన తావు లేదు. అదిగాక ఫోనులో చదువువానికి చదువు సాగుచుండగనే పదిమంది పిలిచినట్లు కబురులు వచ్చుచుండును. అచ్చు పుస్తకము ఒక్క పనియే ఎఱుగును. దాని గొప్పతనమంతయు అందే యున్నది.

సొంతమనునది మఱియొక విషయము. అచ్చు పుస్తకమును కొన్నవాడు దానిని స్నేహితునకు ఎరువీయవచ్చును, తమ్మునకు దాచవచ్చును, గ్రంథాలయమునకు దానము చేయవచ్చును, పాత పుస్తకముల అంగడిలో అమ్ముకొనవచ్చును. ఈ-పుస్తకమునకు వెలయిచ్చినవానికి తఱచుగ లభించునది చదువుకొను అనుమతి మాత్రమే. 2009 జులైలో అమెజాన్ సంస్థ జార్జ్ ఆర్వెల్ రచించిన 1984, యానిమల్ ఫార్మ్ అను పుస్తకముల కొన్ని ప్రతులను, కొన్నవారి కిండిల్ యంత్రములనుండియే తీసివైచెను. అమ్మినవారికి హక్కు లేకపోవుట అందునకు కారణము. వెల మరల యిచ్చి, పిమ్మట క్షమాపణమును చెప్పుకొనిరి. కాని ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి తన పాఠము నిమిత్తమై ఆ పుస్తకమునందు వ్రాసికొన్న గుర్తులు మూలము పోయినందున నిరుపయోగములైనవి. 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఈ-పుస్తకముల అంగడిని మూసినపుడు, అచట కొన్న పుస్తకములన్నియు చదువ వీలులేనివైనవి. అప్పుడును సొమ్ము తిరిగి యిచ్చిరి. అయితే పుస్తకమును పోగొట్టుకొన్న చదువరికి సొమ్ము సరియైన బదులగునా?

అట్లని కాగితము చిరంజీవియని భ్రమపడరాదు. 19వ శతాబ్దపు మధ్యభాగమునుండి కొయ్యగుజ్జుతో చేసిన కాగితములో పటిక చేరుటవలన ఆమ్లగుణము గలిగి, అది పచ్చబడి, పెళుసై, తాకినంతనే పొడియగుచున్నది. చెదలు, తేమ, వరదలు మిగిలిన పని పూర్తిచేయును. తాటియాకులు శిథిలములగుచున్న కాలమున చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర పండితులను నియమించి, ప్రతులను సేకరించి, పాఠములను పోల్చి కాగితముపై వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. ఆకునుండి కాగితమునకు మార్చినందుననే అనేక గ్రంథములు మనకు దక్కినవి. నేడు కాగితమునుండి కంప్యూటరునకు మార్చుటయు అట్టి పనియే. 1918లో స్థాపితమై పాత పత్రికలను గ్రంథములను కాపాడుచున్న వేటపాలెపు సారస్వత నికేతనమువంటి సంస్థలు అచ్చు ప్రతిని నిలిపినందుననే ఛాయాచిత్రము తీయుటకు మూలము దొరకును. ఛాయాచిత్రము నలుదిక్కుల వ్యాపించియుండుటచే, ఒకచోట ప్రతి చెదలపాలైనను గ్రంథము నశింపదు. కావున ఈ రెండు రూపములును సవతులు గావు. ఒకటి మఱియొకదానికి కావలి.

ఇంతవఱకు విచారించినదానిని బట్టి చదువరి యనుసరింపదగిన మార్గము తేటపడుచున్నది. నేర్చుకొనవలసిన పుస్తకమును, మరల మరల చదువవలసిన పుస్తకమును అచ్చులోనే సంపాదింపవలయును. అంచున పెన్సిలుతో గుర్తులు పెట్టుకొనుచు నెమ్మదిగ చదువవలయును. దొరకని పుస్తకమును, పదమును వెదకుటకై చూచు పుస్తకమును, ప్రయాణమున కాలక్షేపమునకు చదువు కథలను ఈ-పుస్తకముగ చదువుట తప్పుగాదు, మేలును. ఒక్కటియే ఎంచుకొనుమన్నచో, విద్యార్థి దశలో నున్నవాడు అచ్చు పుస్తకమునే ఎంచుకొనుట లాభము. నిలుకడగ చదువు శక్తి ఆ వయసునందే అలవడవలయును. అది యలవడిన పిదప ఏ రూపమున చదివినను నష్టము స్వల్పము.

సోదర విద్యార్థులారా! మీ యిండ్లలో అటకమీదనో, పాత పెట్టెలోనో తాతల నాటి తెలుగు పుస్తకములు మూలుగుచుండవచ్చును. తూకమునకు అమ్మివేయకముందు వానిని దింపి, దుమ్ము దులిపి, పేరును, ముద్రించిన సంవత్సరమును చూడుడు. అదే పుస్తకము భాండారములలో నున్నదేమో వెదకుడు. లేనియెడల, గ్రంథకర్త గతించి 60 సంవత్సరములు నిండినచో మన దేశపు చట్టము ననుసరించి సాధారణముగ దాని ప్రతిని ఎవరైనను తీయవచ్చును. పెద్దల సెలవుతో పుటలను జాగ్రత్తగ ఛాయాచిత్రములు తీసి, ఉచిత భాండారమునందుంచుడు. మూలప్రతిని సమీప గ్రంథాలయమునకు చేర్చుడు. అచ్చు మేలా, ఈ-పుస్తకము మేలా యను వాదము తీఱకపోయినను, ఒక తెలుగు పుస్తకము మీ చేతులమీదుగ బ్రతికినదను తృప్తి మీకు మిగులును.