ఒకే గాయకుడు – నాలుగు కచేరీ చిత్రాలు

రాక్ అండ్ రోల్ అనగానే ప్రపంచంలో ఎక్కువమందికి గుర్తొచ్చే పేరు ఎల్విస్ ప్రెస్లీ. ఆయన 1935 జనవరి 8న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, టుపెలో అనే చిన్న ఊళ్లో ఒక పేద కుటుంబంలో పుట్టారు. 1954లో మెంఫిస్ నగరంలోని సన్ రికార్డ్స్ సంస్థ ద్వారా ఆయన మొదటి రికార్డు వెలువడింది. నల్లజాతివారి బ్లూస్, పల్లెల్లో పాడుకునే కంట్రీ పాటలు, చర్చిలో పాడే గాస్పెల్ భక్తిగీతాలు – ఈ మూడూ ఆయన గొంతులో కలిశాయి. 1977 ఆగస్టు 16న, 42 ఏళ్ల వయసులోనే ఆయన కన్నుమూశారు.

మన తెలుగువారికి సినిమా గాయకుడంటే ముందుగా గొంతే గుర్తొస్తుంది. ఘంటసాల గారి పాట వింటుంటే కళ్ల ముందు కదిలేది ఎన్.టి.రామారావు గారో, అక్కినేని నాగేశ్వరరావు గారో. ఎల్విస్ సంగతి అలా కాదు. పాట, నడక, నవ్వు, చెమట అన్నీ ఆయనవే. అందుకే ఆయన కచేరీలను కెమెరాతో పట్టుకోవాలని చాలామంది ప్రయత్నించారు. వాటిలో ముఖ్యమైన నాలుగింటిని పోల్చి చూస్తే ఎల్విస్ గురించే కాకుండా, కెమెరా గురించి కూడా ఎంతో తెలుస్తుంది.

కచేరీ డాక్యుమెంటరీ అంటే ఏమిటి?

వేదిక ముందు ఒక కెమెరా పెట్టి మొదటి నుంచి చివరి వరకు తీస్తే అది రికార్డింగు మాత్రమే. కచేరీ డాక్యుమెంటరీలో ఎన్నో కెమెరాలు ఉంటాయి. ఒకటి గాయకుడి ముఖం మీద, ఒకటి వాద్యకారుల మీద, ఒకటి ప్రేక్షకుల మీద ఉంటుంది. శబ్దాన్ని విడిగా రికార్డు చేసి, తరువాత బొమ్మతో జత చేస్తారు. గంటలకొద్దీ తీసిన దానిలోంచి ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఎడిటరు, దర్శకుడు నిర్ణయిస్తారు. మనం చూసేది ఆ నిర్ణయాల ఫలితమే.

1. దట్స్ ద వే ఇట్ ఈజ్ (1970)

ఎల్విస్ 1960లలో ఎక్కువ కాలం సినిమాల్లో నటిస్తూ వేదికకు దూరమయ్యారు. 1968 డిసెంబరులో ఒక టీవీ కార్యక్రమంతో మళ్లీ పేరు తెచ్చుకున్నారు. 1969 జూలై 31న లాస్ వేగాస్‌లోని ఇంటర్నేషనల్ హోటల్లో కచేరీలు మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఆగస్టులో అదే హోటల్లో జరిగిన కచేరీలను డెనిస్ శాండర్స్ అనే దర్శకుడు ఎం.జి.ఎం. సంస్థ కోసం చిత్రీకరించారు. అప్పుడు ఎల్విస్ వయసు 35 ఏళ్లు.

ఈ చిత్రంలో రిహార్సళ్లు చాలా బాగుంటాయి. ఎల్విస్ పాట మధ్యలో ఆపి జోకులు వేస్తారు, పదాలు మార్చి పాడతారు, గిటారు వాయించే జేమ్స్ బర్టన్ వైపు చూసి నవ్వుతారు. అంత పెద్ద గాయకుడు కూడా సాధన చేయకుండా వేదిక ఎక్కలేదని ఇక్కడ కళ్లారా చూస్తాం. అయితే శాండర్స్ పాటల మధ్య అభిమానుల ఇంటర్వ్యూలు చాలా పెట్టారు. కొందరికి అవి ఆసక్తిగా అనిపిస్తాయి, కొందరికి పాటలకు అడ్డుగా అనిపిస్తాయి.

2. ఎల్విస్ ఆన్ టూర్ (1972)

పియర్ అడిజ్, రాబర్ట్ ఏబెల్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1972 ఏప్రిల్‌లో ఎల్విస్ ఊరూరా తిరిగి ఇచ్చిన కచేరీలను చూపిస్తుంది. తెరను రెండు మూడు భాగాలుగా విడగొట్టి, ఒకేసారి గాయకుణ్ణీ ప్రేక్షకులనూ చూపడం దీని ప్రత్యేకత. పాత సినిమా ముక్కలతో కూర్చిన దృశ్యమాలికలను పర్యవేక్షించినది, తరువాత గొప్ప దర్శకుడిగా పేరుపొందిన మార్టిన్ స్కోర్సెసీ. ఉత్తమ డాక్యుమెంటరీగా దీనికి గోల్డెన్ గ్లోబ్ పురస్కారం కూడా వచ్చింది.

ఇందులో వేదిక కంటే వేదిక వెనుక జీవితం ఎక్కువ. కారు, విమానం, హోటల్ గది, మళ్లీ కారు. ఈ పరుగు మధ్యలో ఎల్విస్, ఆయన బృందం ఒకచోట చేరి గాస్పెల్ పాటలు పాడుకుంటారు. టికెట్ కొన్నవారి కోసం కాదు, తమ కోసమే పాడుకుంటున్నట్టు ఉంటుంది. మన బిష్టుపూర్ రామమందిరంలో భజనకు కూర్చున్నవారిని చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. కెమెరా జనం నుంచి పక్కకు తిరిగినప్పుడే ఆ మనిషి ప్రశాంతంగా కనిపిస్తారు.

3. అలోహా ఫ్రమ్ హవాయీ (1973)

ఇది సినిమా హాలు కోసం కాదు, టీవీ కోసం తీసినది. 1957లో కెనడాలో పాడిన కొద్ది కచేరీలు తప్ప ఎల్విస్ అమెరికా దాటి ఎక్కడా పాడలేదు. ఆ లోటును ఉపగ్రహం తీర్చింది. 1973 జనవరి 14న హోనొలులులో అర్ధరాత్రి దాటి 12:30 గంటలకు కచేరీ మొదలైంది. అప్పుడు జపాన్‌లో రాత్రి 7:30 గంటలు. ఆసియా ప్రేక్షకులకు అనువుగా ఉండాలనే ఆ వేళ పెట్టారు. ఆ రోజుల్లో మన దేశంలో టీవీ దిల్లీ, ముంబయి వంటి కొద్ది చోట్లే ఉండేది.

ప్రత్యక్ష ప్రసారంలో తప్పు జరిగితే దిద్దుకునే వీలు లేదు. అందుకే రెండు రోజుల ముందే ప్రేక్షకుల మధ్య ఇంకో కచేరీ చేసి, దాన్ని కూడా చిత్రీకరించి ఉంచారు. టికెట్‌కు ధర పెట్టకుండా ఎవరికి తోచినంత వారు ఇచ్చేలా చేసి, కుయీ లీ కేన్సర్ నిధికి 75,000 డాలర్లు సేకరించారు.

వంద కోట్లమందికి పైగా చూశారని అప్పట్లో ప్రచారం చేశారు. ఆనాడు ఎన్ని ఇళ్లలో టీవీలు ఉండేవో ఆలోచిస్తే అది నమ్మదగిన లెక్క కాదు. ఈ చిత్రంలో వైభవం ఉంది, తెల్లని దుస్తుల మీద రాళ్లతో పొదిగిన గద్ద ఉంది. రిహార్సల్లో నవ్విన ఎల్విస్ మాత్రం ఇక్కడ తక్కువగా కనిపిస్తారు.

4. ఎల్విస్ ఇన్ కన్సర్ట్ (1977)

అన్నిటికంటే కష్టమైన చిత్రం ఇది. సి.బి.ఎస్. టీవీ సంస్థ 1977 జూన్ 19న ఒమాహాలో, 21న ర్యాపిడ్ సిటీలో జరిగిన కచేరీలను తీసింది. అప్పటికే ఎల్విస్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఒళ్లు బరువెక్కింది, మాట తడబడేది. తరువాత రెండు నెలలు తిరగకుండానే ఆయన మరణించారు. కార్యక్రమం మాత్రం అక్టోబరు 3న ప్రసారమైంది. చివర్లో ఆయన తండ్రి వెర్నన్ ప్రెస్లీ కనిపించి అభిమానులకు కృతజ్ఞతలు చెప్పారు. ఆ పాటల ఆల్బమ్ విడుదలైంది కానీ, కార్యక్రమం మొత్తం ఇప్పటికీ అధికారికంగా వీడియోగా రాలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. అనారోగ్యంతో ఉన్న మనిషిని అలా చూపించవచ్చా? దాచిపెడితే చరిత్రను దాచినట్టే అని కొందరంటారు. ఆయన గౌరవం ముఖ్యమని మరికొందరంటారు. ర్యాపిడ్ సిటీలో ఆయన పియానో ముందు కూర్చుని పాడిన ‘అన్‌చెయిన్డ్ మెలడీ’ చూస్తే జవాబు కొంత దొరుకుతుంది. ముఖం ఉబ్బి ఉంది, చెమట కారుతోంది, గొంతు మాత్రం పైస్థాయిని అందుకుంటోంది. బాజ్ లర్మన్ 2022లో తీసిన ‘ఎల్విస్’ సినిమా చివర ఈ దృశ్యాన్నే వాడుకున్నారు. అదే కచేరీలో తడబడిన ముక్క ఒక్కటే చూస్తే జాలి కలుగుతుంది. ఈ పాట చూస్తే గౌరవం కలుగుతుంది. రెండూ నిజమే. మొదటిది మాత్రమే చూపిస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే.

పాత రీళ్లు, కొత్త చిత్రాలు

ఎడిటింగ్ శక్తి ఎంతటిదో చెప్పడానికి 1970 చిత్రమే మంచి ఉదాహరణ. 2001లో రిక్ ష్మిడ్లిన్ ఆనాటి రీళ్లనే తీసుకుని మళ్లీ కూర్చారు. అభిమానుల ఇంటర్వ్యూలు చాలావరకు తీసేసి, పాటలు, రిహార్సళ్లు పెంచారు. చిత్రీకరణ ఒకటే అయినా సినిమాలు రెండయ్యాయి. పాతది ఎల్విస్ చుట్టూ ఉన్న జనం కథ, కొత్తది ఎల్విస్ సంగీతం కథ.

2025లో టొరంటో చిత్రోత్సవంలో బాజ్ లర్మన్ తీసిన ‘ఎపిక్’ అనే కచేరీ చిత్రం ప్రదర్శించారు. 1970, 1972 చిత్రాల కోసం తీసి వాడకుండా వదిలేసిన రీళ్లు దీనికి ఆధారం. అవి అమెరికాలోని కాన్సస్‌లో, ఒక ఉప్పు గనిలో భద్రపరిచి ఉన్నాయి. గని అంటే మన జంషెడ్‌పూర్ పిల్లలకు నోవాముండి ఇనుప ఖనిజం, జాదుగూడ యురేనియం గుర్తొస్తాయి. ఉప్పు గనిలో చెమ్మ తక్కువ, వేడి పెద్దగా మారదు కాబట్టి ఫిల్ము త్వరగా పాడవదు. ఒకప్పుడు పనికిరావని పక్కన పెట్టిన రీళ్లే యాభై ఏళ్ల తరువాత ఒక కొత్త సినిమా అయ్యాయి.

మనం నేర్చుకోవలసినది

ఏ కచేరీ చిత్రం చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని ఎవరు, ఎందుకు తీయించారు? కెమెరా ఎక్కడ నిలబడింది? ఏది తీసేసి ఉంటారు? 1970 చిత్రంలో కెమెరా సాధన దగ్గర నిలబడింది. 1972లో ప్రయాణం దగ్గర, 1973లో వైభవం దగ్గర, 1977లో బలహీనత దగ్గర నిలబడింది. ఏ ఒక్కటి చూసినా ఎల్విస్ మొత్తం దొరకరు.

ఈ ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి. పాఠశాల వార్షికోత్సవంలో తోటి విద్యార్థి పది నిమిషాలు చక్కగా పాడి, ఒక్కచోట తడబడ్డాడనుకోండి. ఆ పది క్షణాల ముక్కనే ఫోన్లో అందరికీ పంపితే, చూసినవాళ్ల దృష్టిలో ఆ విద్యార్థి అంతే అయిపోతాడు. పంపే ముందు ఆ మిగతా పది నిమిషాలు గుర్తు చేసుకుందాం. చేతిలో కెమెరా ఉన్నవారు తమకు తెలియకుండానే ఎడిటర్లు అవుతారు. ఆ బాధ్యత ఇప్పుడు మన అందరి మీదా ఉంది.