పిల్లలు ఉద్యోగం మానేస్తామంటే...

తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, గుండెదడ, అన్నం సహించకపోవడం. ఈ బాధలతో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు చాలామంది మా దవాఖానాకు వస్తుంటారు. నాడి చూస్తే పెద్ద జబ్బేమీ కనిపించదు. "ఆఫీసులో నీకు దగ్గరివాళ్ళెవరు?" అని అడిగితే మాత్రం చాలాసేపు మాట్లాడరు. తర్వాత, "మానేద్దామనుకుంటున్నా హకీం సాబ్" అంటారు.

మన పెద్దలు కొట్టు పెట్టుకున్నా, మగ్గం నేసినా పక్కన అన్నదమ్ములో సావాసగాళ్ళో ఉండేవారు. నేటి పిల్లలు బెంగళూరు, చెన్నై, పుణె ఆఫీసుల్లో వందమంది మధ్య కూర్చుని కూడా ఒంటరివారే. గదికొస్తే ఒక్కరే అన్నం తినాలి. ఇంటి నుంచి పనిచేసే వారికి కంప్యూటరే తోడు.

యునానీ ఏమంటుంది?

ఆరోగ్యానికి మన వైద్యం ఆరు తప్పనిసరి కారణాలు చెబుతుంది. వీటినే అస్బాబె సిత్తా జరూరియా అంటాం. అవి గాలి, అన్నపానాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మనసు శ్రమ-విశ్రాంతి, నిద్ర-మెలకువ, మలినాల విసర్జన-అవసరమైనవాటి నిలుపుదల. రాత్రి షిఫ్టు నిద్రను చెడగొడుతుంది. దిగులు, భయం, అణచుకున్న కోపం మనసును అలసట పెడతాయి. ఇవి చాలాకాలం సాగితే సౌదా పెరిగి మాలిఖూలియాకు దారి తీస్తుందని మన హకీములు భావించారు. శరీరాన్నీ మనసునూ కలిపే చూడాలని అబూ జైద్ అల్ బల్ఖీ 10వ శతాబ్దం నాటికే గ్రంథం రాశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్న్ అవుట్'ను పనికి సంబంధించిన సమస్యగా గుర్తించింది, జబ్బుల కింద చేర్చలేదు. దాని లక్షణాలు మూడు: ఒంట్లో సత్తువ ఇంకిపోవడం, పనిమీద విరక్తి, చేసేదేమీ సరిగా చేయలేకపోతున్నామనే భావన. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ఇదే సంస్థ 2025లో తెలిపింది.

జీతం ఒక్కటే కారణమా?

కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రిస్టినా మాస్లాక్, మైఖేల్ లైటర్ కూడా ఆరు విషయాలే చెప్పారు. మోయలేనంత పని, తన చేతిలో ఏ నిర్ణయమూ లేకపోవడం, శ్రమకు తగిన ఫలితమూ మెప్పూ దక్కకపోవడం, తోటివారితో పొత్తు లేకపోవడం, పక్షపాతం, మనసొప్పని పని చేయాల్సి రావడం.

ఉద్యోగం చేసేవారికి

1. రాజీనామా రాసేముందు వీలైతే వారం సెలవు పెట్టి కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోండి. అప్పటికీ ఆఫీసు తలచుకుంటే గుండె బరువెక్కుతుంటే, పై ఆరింటిలో ఏది మిమ్మల్ని పీడిస్తోందో కాగితం మీద రాసుకోండి. షిఫ్టు గానీ సెక్షన్ గానీ మార్చమని అడిగి చూడండి.

2. రోజూ ఒక పూటైనా మరొకరితో కలిసి తినండి. అరగంట నడవండి. పడుకునే ముందు టీ, కాఫీలు వద్దు. మాడుకు రోగనె బాదం రాసుకుంటే హాయిగా ఉంటుంది.

3. ఖమీరా గావ్‌జబాన్‌ను హకీం సలహా లేకుండా వాడకండి. అందులో చక్కెర ఉంటుంది, మధుమేహం ఉన్నవారికి తగదు. ఇంకో మాట, పై అధికారి తిట్లకు ఖమీరాలో మందు లేదు.

అమ్మానాన్నలకు

"ఎంతమందికి దొరుకుతుందీ ఉద్యోగం?" అని మొదటి మాటలోనే నోరు మూయించకండి. సోమరితనం అనుకోకండి. ముందు పూర్తిగా వినండి. ఇంటి అప్పు, చెల్లెలి పెళ్ళి ఖర్చు కలిసి కూర్చుని లెక్క చూసుకోండి. కొన్ని నెలలకు సరిపడా డబ్బు, చేతిలో మరో ఉద్యోగం ఉంటే మేలు. కానీ రోజూ అవమానం జరుగుతున్నా, ఆరోగ్యం దెబ్బతింటున్నా మానేయడం తప్పు కాదు.

దిగులు రెండు వారాలు దాటినా, బతుకు మీద ఆశ లేదన్నా ఆలస్యం చేయక మానసిక వైద్యునికి చూపించండి. అలాంటి మాట అన్నవారిని ఒంటరిగా వదలకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత ఫోన్ 14416 రాత్రింబవళ్ళు పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు జీతం పడిందా అని కాక, "మధ్యాహ్నం ఎవరితో కలిసి తిన్నావు?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్ళి చూసి రండి.