వయసు దాస్తే.. కాన్పులో గండం
* తొలిచూలుకు పుట్టింటికి.. కార్డు మాత్రం అత్తింట్లో!

"ఎన్నేండ్లు పాపా?" అని నర్సు అడుగుతుంది. పిల్ల నోరు తెరవకముందే అత్త అందుకుంటుంది: "పంతొమ్మిది నిండినాయి మ్మా". హోసూరు, తళి, వేపనపల్లి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఇది తెలియని ముచ్చటేం కాదు. పదో తరగతితో చదువు మాన్పించి, మేనమామకో బావకో ముడిపెట్టేసిన పిల్లలు ఈ మూలన ఇంకా ఉన్నారు. 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకు 18 నిండాకే పెళ్లి. నిజం చెబితే కేసవుతుందని ఇంటిల్లిపాదికీ భయం. ఆ భయంతో చెప్పిన అబద్ధమే కాన్పు గదిలో అడ్డం తిరుగుతోంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలను అడిగితే, 18 నిండకముందే పెళ్లయిందన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, కర్ణాటకలో 21.3, తమిళనాడులో 12.8 శాతం. ఈ మూడు రాష్ట్రాలూ కలిసేచోటే ఈ పల్లెలున్నాయి. పిల్లను ఇచ్చేది ఒక రాష్ట్రంలో, తెచ్చుకునేది మరో రాష్ట్రంలో!

ఒళ్లు ఎదగకుండానే..
పదహారు, పదిహేడేళ్ల పిల్లకు తన ఒళ్లే ఇంకా ఎదుగుతుంటుంది. తినే తిండిలో బిడ్డకూ వాటా పోతుంది. రక్తం పలచబడుతుంది. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే ప్రమాదమే. కటి ఎముకలు పూర్తిగా విచ్చుకోకపోతే బిడ్డ అడ్డం పడి నొప్పులు గంటల తరబడి సాగుతాయి. ఇరవై దాటిన తల్లులతో పోలిస్తే ఈ వయసువారికి గుర్రపువాతం, కాన్పు తర్వాత గర్భసంచికి చీము పట్టడం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డలు నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టడమూ ఎక్కువే.

ముప్పై అయిదు దాటితే..
రెండో కొసన ఉన్నవారి కథ వేరు. హోసూరు కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తూ పెళ్లి ఆలస్యమైనవారు కొందరు. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల తర్వాత మగబిడ్డ కోసం మళ్లీ కడుపు మోసేవారు మరికొందరు. 35 దాటాక బీపీ, షుగరు, మాయ కిందికి దిగి రక్తస్రావం కావడం, ఆపరేషన్ కాన్పు పెరుగుతాయి. డౌన్స్ సమస్యతో బిడ్డ పుట్టే అవకాశం ఇరవై ఏళ్ల తల్లికి సుమారు 1,500 మందిలో ఒకరికైతే, 35 ఏళ్లకు 350లో ఒకరికి, నలభైకి వందలో ఒకరికి. అయినా బెంబేలెత్తాల్సిన పనిలేదు. ముందు నుంచీ పరీక్షలు చేయించుకుంటే వీరిలో ఎక్కువమంది క్షేమంగానే బిడ్డను ఎత్తుకుంటారు. అసలు ఈ వయసువారు తమ వయసు దాచరు. చిక్కంతా చిన్నపిల్లల దగ్గరే.

ఏడో నెలలో రాష్ట్రం మారి..
తొలి కాన్పు పుట్టింట్లోనే అన్నది మనవాళ్ల ఆనవాయితీ. వేపనపల్లి కోడలు కుప్పం పక్క పల్లెకో, కోలారు వైపుకో ఏడో నెలలో బయల్దేరుతుంది. చీరలు, గాజులు సర్దుకుంటుంది. ఆస్పత్రి కార్డు మాత్రం అత్తింట్లోనే బీరువా మీద ఉండిపోతుంది. తమిళనాడులో పిక్మీ నమోదు, కర్ణాటకలో తాయి కార్డు, ఆంధ్రలో ఇంకో కార్డు. గుర్రపువాతం ఎక్కువగా తల ఎత్తేదీ ఆ చివరి నెలల్లోనే! మూడో నెలలో బీపీ ఎంతుందో, రక్తం ఎంతుందో కొత్త ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు. వయసా, పంతొమ్మిది అని రాసే ఉంటుంది.

"కడుపుతో ఉంటే కాళ్లు వాయవా ఏంది" అని పెద్దవాళ్లు తీసిపారేస్తారు. పాదాలు కాస్త వాయడం మామూలే. మొహం, చేతులు కూడా ఉబ్బి, తలనొప్పి తగ్గక, చూపు మసకబారి, డొక్క పైభాగాన నొప్పి వస్తే మాత్రం ఆగకూడదు. బీపీ 140/90కి చేరిందంటే డాక్టరు చూడాల్సిందే. మూర్ఛలు రాకుండా ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ ఉంది, ఖరీదూ తక్కువే. వేళకు ఆస్పత్రికి చేరాలి, అంతే.

కార్డు తమిళంలో ఉందని, అక్కడివాళ్లకు అర్థం కాదని వదిలేసి వెళ్లడం పొరపాటు. బీపీ, బరువు, రక్తం అంకెలు ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. 18 నిండలేదని చెబితే ఆస్పత్రి వారు పోలీసులకు తెలపాలన్నది నిజమే, 2012 పోక్సో చట్టం అలాగే ఉంది. కానీ అందుకని వైద్యం ఆపడానికి వీల్లేదు. నిజమైన వయసు తెలిస్తే డాక్టరు ముందే రక్తం సిద్ధం చేసుకుంటారు, పెద్దాస్పత్రికి పంపాలా అన్నది నొప్పులు రాకముందే తేల్చుకుంటారు.

ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్షలుంటాయి. 2016 నుంచి దేశమంతా ఇది అమల్లో ఉంది. నొప్పులొస్తే 108 మూడు రాష్ట్రాల్లోనూ పలుకుతుంది. ఇంకా పెళ్లి మాటల దశలోనే ఉన్న పిల్ల గురించైతే 1098కి చెప్పొచ్చు.