తెల్లవార్లూ ఫోను... తెల్లారితే నిద్ర!

రాత్రి రెండు గంటలు. యూనివర్సిటీ హాస్టలు గదిలో లైటు ఆర్పి చాలాసేపయింది. కాని దుప్పటి కింద చిన్న వెలుతురు. ఒక రీలు అయిపోగానే మరొకటి దానంతటదే వస్తోంది. ఇదొక్కటి చూసి పడుకుందామనుకున్న కుర్రాడికి కోడి కూసేదాకా నిద్ర లేదు. తెల్లారాక క్లాసుకి లేవలేదు. ఆ వేళకి ఊళ్ళో తండ్రి చేలో ఉన్నాడు, కొడుకు చదువుకుంటున్నాడనే ధీమాతో.

ఏ హాస్టల్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఆడపిల్లల గదులూ ఇందుకు మినహాయింపు కాదు.

ఒకప్పుడు ఇంటర్నెట్టు కావాలంటే పట్నంలో నెట్ సెంటరుకు పోయి గంటకింతని ఇచ్చుకోవాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి కొన్ని నెలలు ఉచితంగా ఇవ్వడంతో డేటా నీళ్ళప్రాయమైంది. 2020లో కరోనాతో కాలేజీలు మూతబడ్డాక పాఠాలే ఫోనులో చెప్పారు. గొర్రెను అమ్మి, గాజులు కుదువబెట్టి ఫోను కొనిచ్చిన ఇళ్ళున్నాయి. తర్వాత కాలేజీలు తెరిచారు గాని ఫోను చేతిలోనే ఉండిపోయింది. అలాగని దాన్ని పారేయమనలేం. హాల్ టిక్కెట్టూ, స్కాలర్‌షిప్పు దరఖాస్తూ అందులోనే కదా!

చిక్కల్లా ఆపలేకపోవడంలో ఉంది. సినిమాకు శుభం కార్డు ఉంటుంది, పత్రికకు చివరి పేజీ ఉంటుంది. రీల్సుకు చివర అనేదే లేదు. తయారుచేసినవాళ్ళు కావాలనే అలా చేశారు. ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు, అంత రాబడి. పేకాటలో తర్వాతి ముక్క కోసం ఆశపడినట్టే, ఇక్కడా తర్వాత ఏమొస్తుందోనన్న ఆశే వేలిని ఆడిస్తుంది.

నష్టం ముందుగా హాజరుపట్టీలో కనబడుతుంది. 75 శాతానికి తగ్గితే పరీక్షకూ చిక్కే, ఫీజు రీయింబర్స్‌మెంటుకూ చిక్కే. అది ఆగితే కట్టాల్సింది చేలో ఉన్న తండ్రే.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ, బెట్టింగులు ఇంతకన్నా ప్రమాదం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వీటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా దొంగదారిన నడిచేవి ఉన్నాయి. పోయిన డబ్బు రాబట్టుకోవాలని లోన్ యాప్‌లో అప్పు చేస్తే, వాళ్ళు ఫోనులోని నంబర్లన్నిటికీ పరువు తీసే సందేశాలు పంపుతారు. 2020 చివరలో ఈ వేధింపులు ఆత్మహత్యల దాకా పోయాయి. ఇంట్లో చెప్పుకోలేకపోవడమే పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది. చెయ్యెత్తే ముందు, అప్పెంతుందో మెల్లిగా అడగడం మేలు.

ఎన్ని గంటలు చూశారన్నది ఒక్కటే కొలత కాదంటారు మానసిక వైద్యులు. ఫోను దూరమైతే చిరాకు, అబద్ధాలు, నష్టం తెలిసీ మానలేకపోవడం గమనించాలి. ఫోను ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల జాబితాకెక్కించింది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014లోనే ఇందుకు ప్రత్యేక క్లినిక్కు పెట్టారు. సలహా కోసం అంత దూరం పోనక్కరలేదు. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. తల్లిదండ్రులూ చేయవచ్చు.

పండక్కి వచ్చిన పిల్లవాడు అన్నం ముందు కూడా ఫోను వదలకపోతే ఆ రాత్రే తగవు పెట్టుకోనక్కరలేదు. మర్నాడు పొద్దున చేనికి తోడు రమ్మని, నడిచే దారిలో అడగవచ్చు.