తొట్టిలో సముద్ర నక్షత్రం

అమెరికాలో ఇల్లు కొనుక్కుని కుదురుకున్నాక మనవాళ్ళలో కొందరికి అక్వేరియం మీదకి మనసు పోతుంది. మంచినీటి తొట్టితో మొదలైన వ్యవహారం రెండు మూడేళ్ళకి ఉప్పునీటి తొట్టి దాకా వస్తుంది. అప్పుడు షాపులో పిల్లలు ముందుగా వేలు పెట్టి చూపించేది స్టార్ ఫిష్‌నే. దాన్ని కొనడం సులువే. బతికించడం ఎలాగో నా 75 గ్యాలన్ల తొట్టి అనుభవంతో, కొంచెం లెక్కతో చెప్పే ప్రయత్నం ఇది.

పేరులో ఫిష్ ఉన్నా ఇది చేప కాదు. వెన్నెముక లేదు, రక్తమూ లేదు. ఒంటి పైభాగాన ఉన్న జల్లెడ లాంటి చిన్న బిళ్ళ గుండా సముద్రపు నీరు లోపలి గొట్టాల్లోకి వెళుతుంది. చేతుల అడుగున ఉండే గొట్టపు పాదాలు ఆ నీటి ఒత్తిడితోనే కదులుతాయి. చేపలకి మొప్పలు, మూత్రపిండాలు ఒంట్లోని ఉప్పుని సరిచేస్తూ ఉంటాయి. నక్షత్రానికి ఆ ఏర్పాటు లేదు. బయటి నీరు ఎంత ఉప్పగా ఉంటే లోపలా దాదాపు అంతే. మన భాషలో చెప్పాలంటే, వచ్చిన ఇన్‌పుట్ ఏ తనిఖీ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోతుందన్నమాట.

అందుకే మొదటి గండం ఇంటికి తెచ్చిన రోజునే. సముద్రపు నీటిలో కిలోకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. షాపుల్లో చాలాసార్లు అంతకంటే తక్కువ ఉంచుతారు. కాబట్టి సంచీలోని నీటిని రిఫ్రాక్టోమీటరుతో కొలవండి. సన్నటి గొట్టానికి ముడి వేసి, మన తొట్టి నీటిని చుక్కచుక్కగా రెండు మూడు గంటల పాటు దానిలో కలపండి. నక్షత్రాన్ని గాలిలోకి ఎత్తకుండా గిన్నెతో నీళ్ళలోనే మార్చండి.

రెండో గండం ఆవిరి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. నా తొట్టిలో రాళ్ళు పోను నికరంగా 60 గ్యాలన్ల నీరుంది. చలికాలం హీటింగ్ నడుస్తుంటే రోజుకి ఒక గ్యాలన్ పోతుంది. వారం రోజులు పట్టించుకోకపోతే 35 ఉండాల్సిన ఉప్పదనం 39 దాటుతుంది. తగ్గినంత మేరా శుద్ధిచేసిన మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. కొళాయి నీళ్ళలో క్లోరమైన్ ఉండే ఊళ్ళు చాలా ఉన్నాయి కనుక ఆర్ఓ-డీఐ ఫిల్టరు తప్పనిసరి.

మూడు వారాలు ఇండియా వెళితే ఎలా? నీటిమట్టం తగ్గగానే సెన్సరు చూసి మోటారుతో నింపే ఆటో టాప్-ఆఫ్ దొరుకుతుంది. అయితే ఆ సెన్సరు చెడిపోతే? పక్కన 10 గ్యాలన్ల పీపా పెట్టారనుకోండి, అంతా ఒక్కసారి తొట్టిలోకి వచ్చేస్తే ఉప్పదనం 30కి పడిపోతుంది. 2 గ్యాలన్ల బకెట్ అయితే 33.9 దగ్గర ఆగుతుంది. నేను చిన్న బకెట్ పెట్టి, రోజు విడిచి రోజు నింపమని పక్కింటి మిత్రుడికి తాళం ఇచ్చి వెళతాను. ఎంత మంచి ఆటోమేషన్ అయినా, అది పాడయిన రోజు ఎంత నష్టమో ముందే లెక్క వేసుకోవాలి కదా!

మూడోది ఆకలి. కంటికి కనిపించనిది ఇదే. నీలం రంగు లింకియా రాళ్ళ మీది సన్నటి పొరని తిని బతుకుతుంది. కొత్త తొట్టిలో ఆ పొర ఉండదు. నెలల తరబడి బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే శుష్కించి పోతుంది. ఇసుక జల్లించే రకం ఇసుకలోని జీవాలన్నీ తినేశాక అదే దారి పడుతుంది. చాక్లెట్ చిప్ రకం మొండిదే కానీ పగడాలని తినేస్తుంది. మొదటిసారి పెంచేవారికి బ్రిటిల్ స్టార్ నయం. చేపలు వదిలేసిన మేత తిని బతుకుతుంది. ఆకుపచ్చది మాత్రం వద్దు, రాత్రిపూట చేపల్నే పట్టేస్తుంది.

చేతులు మెత్తబడినా, తెల్లటి పుండ్లు కనిపించినా, వెల్లకిలా పడి తిరగలేకపోయినా ముందు నీటిని పరీక్షించండి. చేపలకి వాడే రాగి మందు వీటికి విషం.

రోగం కారణం పట్టుకోవడం శాస్త్రజ్ఞులకే తేలిక కాలేదు. 2013లో పడమటి తీరంలో నక్షత్రాలు కరిగిపోయినట్టు చావడం మొదలైంది. సన్‌ఫ్లవర్ స్టార్ జాతిలో 90 శాతానికి పైగా పోయాయి. 2014లో ఒక వైరస్ అన్నారు, తర్వాత అది నిలబడలేదు. చివరికి 2025లో విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని తేల్చారు. శరీరం లోపలి ద్రవాన్ని వెతికితే దొరికింది. అంతకుముందు ఎక్కువగా కణజాలంలోనే వెతికారు. తప్పు లాగ్ ఫైలు చూస్తూ కూర్చుంటే బగ్ దొరకదని మనకి తెలియనిదా?

తొట్టికి కనీసం ఏడాది వయసు వచ్చేదాకా ఆగండి. షాపువాడిని రెండే ప్రశ్నలు అడగండి: ఎన్నాళ్ళుగా ఉంది, ఏం తింటోంది? జవాబు చెప్పలేకపోతే ఆ రోజుకి ఖాళీ చేతులతో ఇంటికి రావడమే మంచిది.